ఆర్‌ఎక్స్-8 వేడి మీద స్టార్ట్ కాకపోతే ముందు కంప్రెషన్ చూడండి

పొద్దున చక్కగా స్టార్టయ్యే మీ మాజ్దా ఆర్‌ఎక్స్-8, వేడి మీద ఆపితే మళ్లీ అందుకోవడం లేదనీ, మెకానిక్ ఎక్కడిదో పాత ఇంజన్ తెచ్చి బిగిద్దామంటున్నారనీ రాశారు. దయచేసి అప్పుడే ఒప్పుకోకండి.

ఈ లక్షణం కనిపిస్తే మొదటి అనుమానం కంప్రెషన్ మీదే, అంటే ఇంజన్ లోపల గాలిని నొక్కిపెట్టే ఒత్తిడి మీదే. మామూలు గేజీ పనికిరాదు. ఈ కారుది రోటరీ ఇంజన్. పిస్టన్లకు బదులు అందులో తిరిగే త్రికోణపు రోటరుకు మూడు ముఖాలు. గేజీ వాటిలో ఎక్కువ ఉన్నదాన్నే చూపి ఊరుకుంటుంది. మూడింటినీ విడివిడిగా చూపే రోటరీ టెస్టరు కావాలి. స్టార్టరు ఇంజన్‌ను నిమిషానికి 250 చుట్లు తిప్పే లెక్కన 680 కిలోపాస్కల్ కన్నా తగ్గితే ఇంజన్ విప్పాల్సిందే. బాగుంటే ఇగ్నిషన్ కాయిల్స్, స్టార్టరు మోటారు చూడండి.

విప్పితే మాత్రం, రోటరు కొసల్లో ఉండి ఒత్తిడి జారిపోకుండా ఆపే ఎపెక్స్ సీళ్లు మార్చి సరిపెట్టనివ్వకండి. రోటరు తిరిగే గది, అంటే హౌసింగు, లోపలి క్రోమియం పూత అంచుల్లో పెచ్చులూడిందేమో గోరుతో తడిమి చూడాలి. ఊడిన పూత మీద కొత్త సీలు నిలవదు. కూర్చేటప్పుడు షాఫ్టు ముందుకూ వెనక్కూ కదిలే సందు 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తగిన మందం స్పేసరు వేసి, డయల్ గేజీతో కొలిచి, కుదరకపోతే మళ్లీ విప్పే ఓపికున్న మనిషికే పని అప్పగించండి.

ఈ రోటరీ ఇంజన్ల విద్య అంతరించిపోయిందా అని కూడా అడిగారు. లేదండీ. 2012లో ఆర్‌ఎక్స్-8 ఆగిపోయినా, 2023లో హిరోషిమాలో మాజ్దా ఎంఎక్స్-30 కారు కోసం 8సి రోటరీ ఇంజన్ తయారీ మొదలైంది. అరుగుదల తగ్గించడానికి అందులో ఎపెక్స్ సీలు మందాన్ని 2 నుంచి 2.5 మిల్లీమీటర్లకు పెంచారు కూడా.

కంప్రెషన్ పరీక్ష చేయిస్తే మీ ఇంజన్‌లోని రెండు రోటర్లకూ కలిపి ఆరు అంకెలు వస్తాయి. అవి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.