ఎమ్మారైలో ‘గ్రేడ్ 2’ అని వచ్చింది.. మోకాలికి ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 52. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నాలుగు నెలలుగా ఎడమ మోకాలి లోపలి వైపు నొప్పి. మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు నిలబడి పాఠం చెప్పినప్పుడు ఎక్కువవుతోంది. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. ఎమ్మారై తీయిస్తే ‘మీడియల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్‌లో గ్రేడ్ 2 సిగ్నల్, కొద్దిగా నీరు, చిన్న బేకర్స్ సిస్ట్’ అని రాశారు. ఒక డాక్టరుగారు మెనిస్కస్ చిరిగింది, కీహోల్ ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఇంకొకరు ఫిజియోథెరపీ చాలన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు వదిలేస్తే రేపు మోకీలు మార్చాల్సి వస్తుందా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రాసిన రిపోర్టులో ‘టేర్’ (చిరుగు) అన్న మాటే లేదమ్మా. ముందు అది గమనించండి.

తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి వాషర్‌లా మెత్తటి పొరలు ఉంటాయి. అవే మెనిస్కస్‌లు. ఎమ్మారైలో పక్కనుంచి చూస్తే ఇవి నల్లటి చిన్న త్రికోణాల్లా కనిపిస్తాయి. ఆ నలుపులో తెల్లగా ఏదైనా కనిపిస్తే దానికి గ్రేడ్ వేస్తారు. లోపల మచ్చలా ఉంటే 1. గీతలా ఉండి, పైఅంచునూ కింది అంచునూ తాకకుండా లోపలే ఆగిపోతే 2. ఆ గీత అంచు దాకా వచ్చి కీలు వైపు తెరుచుకుంటే 3. చిరుగు అని పిలిచేది ఈ మూడోదాన్నే. గ్రేడ్ 2 అనగానే చాలామంది క్యాన్సర్ స్టేజీలా ఊహించుకుని, వచ్చే ఏడాదికి మూడు, ఆ తర్వాత ఆపరేషన్ అని లెక్కలు వేసుకుంటారు. అలా ఏమీ లేదు. మీ వయసులో ఈ గీత ఎక్కువగా లోపలి కణజాలం వయసుతో మెత్తబడటం వల్ల వస్తుంది.

గ్రేడ్ 3 అని రాసినా ఒక్కోసారి అనుమానించాల్సిందే. స్కాన్‌లో మోకాలిని సన్నటి ముక్కలు ముక్కలుగా చూస్తాం. గీత అంచును తాకినట్టు కనీసం రెండు ముక్కల్లో కనిపిస్తేనే చిరుగని గట్టిగా చెప్పగలం. ఒక్కదాంట్లోనే కనిపిస్తే ‘ఉండొచ్చు’ అంటాం, అంతే. పైగా మెనిస్కస్‌ను ఆనుకుని వెళ్లే చిన్న లిగమెంట్లు కొన్ని కోణాల్లో అచ్చం చిరుగులాగే కనిపిస్తాయి. అందుకే డాక్టరు దగ్గరికి రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. ఫిల్ములు గానీ సీడీ గానీ తీసుకెళ్లి, ‘ఆ గీత అంచును తాకుతోందా?’ అని అడగండి.

ఇక నిజంగానే చిరిగినా, నొప్పి దానివల్లే అనడానికి లేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్ల వయసున్న 991 మందికి మోకాలి ఎమ్మారై తీశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, చిరుగులు ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పి గానీ బిగుతు గానీ లేవు. ఫిన్లాండ్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. అరుగుదలతో మెనిస్కస్ చిరిగిన 146 మందిలో సగం మందికి చిరిగిన భాగాన్ని కత్తిరించారు, మిగతావారికి గాట్లు పెట్టి ఆపరేషన్ చేసినట్టు నటించారు. ఏడాది తర్వాత రెండు గుంపులకూ దాదాపు ఒకేలా తగ్గింది. 2013లో ఇది వెలువడినా, అరుగుదల చిరుగులకు కత్తిరింపులు మాత్రం ఇంకా ఆగలేదు.

కాబట్టి మీ రెండో డాక్టరుగారి మాటే నాకు సబబుగా అనిపిస్తోంది. అయితే ఒక్క విషయం తేల్చుకోవాలి. మెనిస్కస్ వెనక భాగాన్ని పోస్టీరియర్ హార్న్ అంటారు. దాని చివర ఎముకకు అతుక్కునే చోటు రూట్. మీ వయసు ఆడవాళ్లలో గొంతుక్కూర్చుని లేస్తున్నప్పుడో, మెట్టు దిగుతున్నప్పుడో మోకాలి వెనక ‘టప్’మని, ఆ క్షణం నుంచే భరించలేని నొప్పి మొదలైతే మేం ముందు అనుమానించేది ఈ రూట్ ఊడటాన్నే. అది ఊడితే మెనిస్కస్ తన చోటు నుంచి బయటికి జరుగుతుంది. 3 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో జరిగితే రిపోర్టులో ‘ఎక్స్‌ట్రూజన్’ అని రాస్తారు. అప్పుడు కీలు త్వరగా అరుగుతుంది. ఎముకల చివర ఉండే నున్నటి పొర (కార్టిలేజ్) బాగున్నప్పుడే రూట్‌ను కుట్టి అతికించడం మేలు. మీ నొప్పి మెల్లగా మొదలైనట్టుంది కనుక ఆ అవకాశం తక్కువే. అయినా సీడీ చూపించినప్పుడు ‘రూట్ బాగానే ఉందా?’ అని అడిగి తెలుసుకోండి. మోకాలు మధ్యలో పట్టేసి ఎంత ప్రయత్నించినా పూర్తిగా చాపలేకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు. చిరిగిన ముక్క మడతపడి ఇరుక్కుని ఉండొచ్చు. దానికి ఆపరేషన్ అవసరం పడుతుంది.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే తీయించండి. ఖర్చు తక్కువ. బరువు మోపినప్పుడు రెండు ఎముకల మధ్య సందు ఎంత మిగిలిందో అందులో తెలుస్తుంది. పడుకోబెట్టి తీసే ఎమ్మారై కన్నా అరుగుదల సంగతి చాలాసార్లు అదే బాగా చెబుతుంది. మోకీలు మార్చాలా అన్న ప్రశ్నకు జవాబు దాంట్లోనూ మీ నడకలోనూ ఉంటుంది గానీ గ్రేడ్ 2 గీతలో కాదు.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకుని రావడం ఒక్కటే అనుకోకండి. తొడ కండరానికి బలం రావాలి. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తు లేపి, ఐదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించండి. పదిసార్లు చొప్పున పొద్దున, సాయంత్రం చేయండి. మిగతావి ఫిజియో దగ్గర నేర్చుకోండి. కనీసం మూడు నెలలు వదలకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది. చాలామంది పదిరోజులు చేసి మానేసి ‘పనిచేయలేదు’ అంటారు. ఈలోగా బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం తగ్గించండి. క్లాసులో మధ్యమధ్యలో కుర్చీలో కూర్చోండి. బరువు ఎక్కువుంటే కొద్దిగా తగ్గినా మోకాలికి తెలుస్తుంది. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి వాడొద్దు. బీపీ, కిడ్నీ సమస్యలుంటే అసలే వద్దు. పూత జెల్ రాసుకోవచ్చు.

బేకర్స్ సిస్ట్ అంటే కీలులో ఎక్కువైన నీరు మోకాలి వెనక సంచిలా చేరడం. చిన్నదైతే దాని జోలికి వెళ్లక్కర్లేదు, లోపలి వాపు తగ్గితే అదీ తగ్గుతుంది. కానీ ఉన్నట్టుండి పిక్క వాచి, బిగుసుకుని నొప్పి పెడితే ఆ రోజే డాక్టరుకు చూపించండి. సిస్ట్ పగిలినా, పిక్క సిరలో రక్తం గడ్డకట్టినా ఒకేలా ఉంటుంది. రెంటినీ విడదీయడానికి రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ కావాలి.