సిమ్యులేటర్లు తయారు చేస్తానంటున్నాడు, ఏ బ్రాంచిలో చేర్చాలి?

కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి ప్రశ్న: మావాడు ఇంటర్ ఎంపీసీ అయ్యాడు. కళ్లద్దాల పవర్ ఎక్కువని పైలట్ ఆశ వదిలేశాడు. ఇప్పుడు ఫైటర్ విమానాల సిమ్యులేటర్లు తయారు చేస్తానంటూ రోజంతా కంప్యూటర్ ముందే ఉంటున్నాడు. సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ మంచిదా, ఏరోనాటికలా?

జవాబు: మీరు బ్రాంచి అడిగారు కానీ, మీ టెన్షన్ అది కాదండీ. పిల్లాడు ఆటనే చదువనుకుంటున్నాడేమోనని మీ భయం. ఆ అనుమానం పెట్టుకుని వాడితో ఎన్నిసార్లు మాట్లాడారు? అరిచింది కాదు, మాట్లాడింది.

సిమ్యులేటర్ అంటే నేలమీదే కూర్చుని విమానం నడపడం నేర్పే యంత్రం. దాని తయారీ ఆటబొమ్మల పని కాదు. విమానాన్ని తిప్పే స్టిక్ కదిపాక తెరమీద దృశ్యం కదలడానికి సెకనులో పదో వంతు దాటి ఆలస్యమైతే పైలట్ చెయ్యి అవసరానికి మించి కదులుతుంది. విమానం స్టాల్ అయ్యే తీరు, అంటే రెక్కలకు లిఫ్ట్ (పైకెత్తే బలం) పడిపోయే తీరు, లెక్కలో తప్పితే, ఆ తప్పే అతనికి అలవాటై నిజం విమానంలోకి వెళ్తుంది. అందుకే అక్కడ బొమ్మల అందం కంటే మెకానిక్స్, మ్యాట్రిక్స్‌లు, సి ప్లస్ ప్లస్ ముఖ్యం.

ఏఐ-ఎంఎల్ మీద నాకున్న సందేహం దాచను. సీట్లు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. పేరు మార్చి పాత పాఠాలే చెబుతున్న కాలేజీలు చూశాను. సిమ్యులేటర్‌లో శత్రు విమానాన్ని నడిపించడానికి ఏఐ పనికొస్తుంది, నిజమే. పునాది లేకుండా అది నిలబడదు. పక్కింటివాళ్లు చేర్చారని మీరూ చేర్చకండి. ఏరోనాటికల్ అయితే కాలేజీలో విండ్ టన్నెల్ (నమూనా విమానం మీదికి గాలి పంపి పరీక్షించే గొట్టం) పనిచేస్తోందో లేదో మీరే వెళ్లి చూడండి. ఉద్యోగాలు తక్కువ. ఎక్కడా కుదరకపోతే మామూలు సీఎస్ఈ, ఈసీఈ, మెకానికల్ ఏదైనా సరే, ఈ పనికి వీళ్లందరూ కావాలి.

భవిష్యత్తు లేదని బెంగపడకండి. సైన్యానికి శిక్షణ సిమ్యులేటర్లు చేసే జెన్ టెక్నాలజీస్ 1993లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. అక్కడ ఎక్కువగా నేలమీద పోరాటానికి సంబంధించినవే. విమానాలవైతే బెంగళూరులో డీఆర్‌డీఓ వారి విమాన పరిశోధన సంస్థ ఏడీఈ ఉంది. తయారుచేసే వాళ్లకి పైలట్ కంటిచూపు అక్కర్లేదు.

ఫ్లైట్‌గేర్ అని కంప్యూటర్‌లో నడిచే విమాన సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. ఈ ఆదివారం వాడి పక్కన కూర్చోండి. అందులో ఒక విమానం ఫైల్ తెరిచి, లిఫ్ట్ అంకెలు మార్చి ఎగరేయమనండి. ఏం మారిందో, ఎందుకు మారిందో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పాడా, ఇంక అడ్డు చెప్పకండి. చెప్పలేకపోతే తిట్టకుండా నాకు మళ్లీ రాయండి.