సర్వేయర్ చూడని సరుకుకు బీమా రాదా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్‌లో హోల్‌సేల్ కిరాణా షాపు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదకు మునిగిపోయింది. బ్యాంకులో సీసీ లోన్ (సరుకు చూపించి వాడుకునే క్యాష్ క్రెడిట్ అప్పు) ఉంది. బ్యాంకు వాళ్లే మా సరుకుకు 10 లక్షలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ చేయించారు. నీళ్లు తీశాక బియ్యం, పప్పుల బస్తాలు కుళ్లి కంపు కొడుతుంటే మున్సిపాలిటీ బండ్లకు ఎత్తించేశాం. నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపిన సర్వేయర్ ఆ తర్వాత వచ్చారు. 8 లక్షల నష్టానికి క్లెయిమ్ పెట్టాం. సర్వేయర్ చూడని సరుకుకు, బిల్లుల్లేని సరుకుకు ఇవ్వలేమని కంపెనీవాళ్లు అన్నారు. షాపులో 11 లక్షల సరుకుంటే 10 లక్షలకే బీమా ఉందని ఇంకొంత కోశారు. చివరికి 2 లక్షల 40 వేలు ఇస్తామని 2025 మార్చి 10న లేఖ పంపారు. ‘ఫుల్ అండ్ ఫైనల్’ (ఇక రావాల్సింది ఏమీ లేదు) అని రాసున్న వోచర్ మీద సంతకం పెట్టమంటున్నారు. అప్పులవాళ్ల ఒత్తిడి ఎక్కువగా ఉంది. పెట్టమంటారా?

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మీకిచ్చిన లెక్కలో ఒక తప్పు పైకే కనిపిస్తోంది, ముందు అది చెబుతాను.

మీ పాలసీలో బీమా మొత్తం సరుకు విలువ కంటే 15 శాతం వరకు తక్కువగా ఉన్నా, ఆ కారణంతో క్లెయిమ్ తగ్గించకూడదు. సర్వేయర్ చెప్పిన 11 లక్షలే నిజమనుకున్నా తేడా లక్ష రూపాయలు, అంటే 9 శాతం. ఈ కోత నిలవదు. పాలసీ పత్రం మీ దగ్గర లేకపోతే బ్యాంకులో కాపీ తీసుకుని, ‘అండర్ ఇన్సూరెన్స్’ అని ఉన్నచోట గీత గీసి పెట్టుకోండి.

ఇక సర్వేయర్ చూడని సరుకు సంగతి. ఆయన నివేదికకు విలువ ఉంది, కాదనను. కానీ అదే ఆఖరి మాట కాదని న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. కుళ్లిన బస్తాల మధ్య సర్వేయర్ కోసం ఎదురుచూస్తూ ఎవరూ కూర్చోలేరు. పైగా 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. మీరు ఏ రోజు తెలిపారు, ఆయన ఏ రోజు వచ్చారు, ఈ రెండు తేదీలూ మీ ఉత్తరంలో పక్కపక్కన ఉండాలి. ఆలస్యం వాళ్లదైతే దాని బరువు మీ మీద వేయడం అన్యాయం.

బిల్లులు నీళ్లపాలయ్యాయని దిగులు పడకండి. మీరు రెగ్యులర్ జీఎస్టీ డీలర్ అయితే, మీకు సరుకు అమ్మినవాళ్లు ఎక్కించిన ఇన్‌వాయిస్‌లు జీఎస్టీ పోర్టల్లో జీఎస్టీఆర్-2బీ అనే నెలవారీ కొనుగోళ్ల పట్టికలో ఉంటాయి. ఆగస్టు వరకు నెలనెలా డౌన్‌లోడ్ చేయించండి. పన్ను లేని సరుకుకు మిల్లుల నుంచి, ఏజెన్సీల నుంచి ఖాతా కాపీలు, ట్రాన్స్‌పోర్ట్ రసీదులు తెచ్చుకోండి. షట్టర్ ఎత్తగానే మీవాళ్లు ఫోన్లో తీసిన ఫొటోలు ఉంటాయి కదా, వాటిని వాట్సాప్‌లో పంపినవి కాకుండా తీసిన ఫోన్లో ఉన్నవే భద్రపరచండి. గోడ మీద నీటి గుర్తు, ఉబ్బి పిగిలిన బస్తాలు, వాటి మీద మిల్లు బ్రాండు కనిపించే ఫొటో ఒక్కటున్నా చాలా పనికొస్తుంది. వరద నష్టం లెక్క రాసుకోవడానికి వచ్చిన ప్రభుత్వ బృందం మీ షాపు గురించి ఏం నమోదు చేసిందో సమాచార హక్కు కింద అడగండి.

బ్యాంకుకు మీరిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. అయితే దాన్ని దాఖలు చేసే ముందు ఒకసారి చదవండి. లోన్ లిమిట్ తగ్గకూడదని సరుకు పెంచి చూపించే అలవాటు చాలామంది వ్యాపారులకు ఉంది. అందులో 14 లక్షలని ఉంటే 15 శాతం వాదన ఎగిరిపోతుంది, కోత నిజంగానే పడుతుంది. ఏముందో తెలియకుండా మాత్రం ఇవ్వకండి.

పాడైన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టి, మీ పన్నులో తగ్గించుకున్న జీఎస్టీని) కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 17(5)(హెచ్) కింద వెనక్కి కట్టాలి. చాలామంది ఇది మర్చిపోతారు. ఆ మొత్తం క్లెయిమ్‌లో కలిసిందో లేదో మీ ఆడిటర్‌ని అడగండి.

ఇవన్నీ జతచేసి కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. ఒప్పుకున్న 2.40 లక్షలు ముందు ఇవ్వమని, మిగతాదానికి మీ హక్కు వదులుకోవడం లేదని స్పష్టంగా రాయండి. రేపు డబ్బు అవసరం తరుముకొచ్చి వోచర్ మీద సంతకం పెట్టాల్సి వచ్చినా దారి పూర్తిగా మూసుకుపోదు. ఒత్తిడి పెట్టి గానీ తప్పుదోవ పట్టించి గానీ తీసుకున్న సంతకం కట్టుబడదని అజ్మీర్ సింగ్ కాటన్ కేసులో (1999) సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఒత్తిడిని మీరే రుజువు చేయాలి కాబట్టి ముందుగా పంపిన ఈమెయిల్ అప్పుడు ప్రాణం పోస్తుంది. ఆ డబ్బు ముందు మీ సీసీ ఖాతాకే చేరుతుంది, పాలసీలో బ్యాంకు పేరుంటుంది గనక. మేనేజరుతో ఇప్పుడే కూర్చుని, పడిన డబ్బులో సరుకు కొనడానికి ఎంత వాడుకోనిస్తారో, కిస్తీల గడువు ఎంత పెంచుతారో రాతలో తీసుకోండి.

గ్రీవెన్స్‌కు నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. సొంత పేరు మీద నడిచే షాపులు, సూక్ష్మ సంస్థల పాలసీలు వాళ్ల పరిధిలోకి వస్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తీర్పు కంపెనీ పాటించాల్సిందే. మార్చి 10 లేఖ నుంచి ఏడాది లెక్కేసుకుని, ఆలోపే ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే విజయవాడలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వ్యాపారి వినియోగదారుడు కాడని కంపెనీ వాదిస్తే, బీమా నష్టం పూడ్చుకోవడానికే గానీ లాభానికి కాదన్న హర్‌సోలియా మోటార్స్ తీర్పు (2023) చూపించండి.

గడువు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కమిషన్‌కు రెండేళ్లు అంటారు గానీ, ఎప్పటి నుంచి అనేదే గొడవ. కందిమళ్ల రాఘవయ్య సంస్థ పొగాకు గోదాం కాలిన కేసులో సుప్రీంకోర్టు ప్రమాదం జరిగిన రోజు నుంచే లెక్కపెట్టింది. అందుకని మీరు కంపెనీ లేఖ తేదీని నమ్ముకోవద్దు. అంబుడ్స్‌మన్ దగ్గర ఆలస్యమైనా సరే, 2026 ఆగస్టు దాటకుండా కేసు వేసేలా చూసుకోండి.