నాగలింగం, నాగమల్లి, నిచులం

సందేహం: మా శివాలయంలో మాను పొడవునా పూలు పూసి, ఫిరంగిగుండ్లంత గట్టి కాయలు కాసే చెట్టుంది. నాగలింగమనీ నాగమల్లి అనీ అంటారు. ఏది సాధువు? కావ్యాల్లోని నాగకేసరం ఇదేనా? – ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: ఇది నాగకేసరం కాదు. అమరకోశకర్త అమరుడు చాంపేయమని కూడా అన్న ఆ నాగకేసరం వేరే చెట్టు. నాగమల్లి అంటే తామర అనే చర్మవ్యాధికి మందుగా వాడే తెల్లపూల పొద. ఆ పేరు దీనికి తగిలించకుంటే మేలు, కాని జనం నోట పడ్డ మాటను తప్పని కొట్టివేయలేను. నాగలింగమే రాయండి. నడుమ లింగం, దానిమీదికి వంగిన కేసరాల పడగ: పేరు పెట్టినవాడెవరో పువ్వును దగ్గరగా చూశాడు. పడగ కనబడితే 'నాగ' చేర్చడం మనకు అలవాటే. నాగజెముడూ అమెరికానుంచి వచ్చిందే. ఈ చెట్టు పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికా. 1775లో ఒబ్లే అనే ఫ్రెంచివాడు గయానా మొక్కల గ్రంథంలో దీన్ని వర్ణించాడు. పేరులో లింగముందని దీన్ని 'పురాణవృక్షం' చేసి ఫోన్లలో పంచేవారికి ఏం చెప్పగలం?

ఇదే కుటుంబంలో అచ్చంగా మన చెట్టొకటుంది, కణప. మీ కాలువగట్ల వంటి నీటి ఒడ్లే దానికిష్టం. మూరెడు పూలసరాలు వేలాడేసి రాత్రి విచ్చుకుంటుంది. తెల్లవారేసరికి ఎర్రని కేసరాలు నీటిమీద తేలుతుంటాయి. దాన్ని ఎవరూ పంచరు! అమరుడు మాత్రం మరవలేదు: 'నిచులో హిజ్జలోఽంబుజః'. నిచులం, హిజ్జలం, అంబుజం మూడూ ఈ చెట్టు పేర్లే. అంబుజమంటే తామరేనని బట్టీపట్టినవారు ఇక్కడ కాస్త ఆగాలి.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘుణ్ణి 'స్థానాదస్మాత్ సరసనిచులాత్' ఎగిరిపొమ్మంటాడు. తడి నిచులాలున్న ఈ చోటినుంచి అని. ఆ కావ్యానికి వ్యాఖ్య రాసిన మన కొలచల మల్లినాథసూరి ఇక్కడ నిచులమంటే స్థలవేతసమన్నాడు, అంటే మెట్ట ప్రబ్బలి (పేము). అంతటితో ఊరుకున్నాడా? నిచులుడు కాళిదాసు చెలికాడైన రసికకవి అనీ, అదే శ్లోకంలోని దిఙ్నాగుడు ప్రత్యర్థి అనీ రెండో అర్థం లాగాడు. ఆ కథకు చరిత్రలో ఆధారమెంతో గాని, చదివినప్పుడల్లా నాకు నవ్వూ మెచ్చుకోలూ కలిసే వస్తాయి.

ప్రబ్బలి అనడానికి శబ్దార్ణవమనే నిఘంటువు మల్లినాథుడి పక్షాన ఉంది. నా మొగ్గు అమరుడి వైపు, కణప వైపు. అయితే యక్షుడున్నది రామగిరి కొండమీద. అక్కడ నీటిచెట్టుకంటే మెట్ట ప్రబ్బలే పొసగుతుందని ఎవరైనా అంటే గట్టిగా వాదించను.