ఆవిడ పేరు మీద వేరే పేజీ ఎందుకండీ?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. నాకు 61 ఏళ్లు, మా ఆవిడకి 55. కొబ్బరి కొట్లో గుమాస్తాగా చేసి మానేశాను. ఎకరం తోట ఉంది. ఆవిడకి ఎప్పట్నుంచో షుగరు. దానివల్ల కిడ్నీలు పాడై ఏడాది పైనుంచి డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడుసార్లు అమలాపురం తీసుకెళ్తాను. డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, నెలకి 10,000 పెన్షన్ కూడా వస్తోంది. అయినా మందులు, టెస్టులు, ఆటోలు, పాలు, గ్యాసు అన్నీ కలిసి నెలాఖరుకి చేతిలో చిల్లిగవ్వ ఉండటం లేదు. వంటా, బట్టలూ అన్నీ నేనే. పథ్యం కదాని చారన్నం, మజ్జిగన్నం పెడుతున్నాను. గుడ్డు, చేప మానేశాం, ఖర్చూ కలిసొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కొబ్బరి బోండాలు, అరటిపళ్లు తెస్తే అవే ఆవిడకి బలం.

అలవాటు కొద్దీ రోజూ రాత్రి పద్దు రాస్తాను. ఇంటి ఖర్చు ఒక పేజీ, ఆవిడ ఖర్చు ఇంకో పేజీ. పోయిన నెల ఆవిడ ఆ పుస్తకం చూసింది. అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడదు. అన్నంతో వేసుకోవాల్సిన మాత్రలు పూటకి ఒకటి చొప్పున మూడు ఉంటే, రోజుకి ఒకటే వేసుకుని మిగిలినవి చీరల మడతల్లో దాస్తోందని మొన్న తెలిసింది. "డయాలసిస్ వారానికి రెండుసార్లు చాల్లెండి, నేనుండి ఎవరికి లాభం" అంటోంది. నేను తాగను, పేకాడను. ఇదంతా ఆవిడ కోసమే కదండీ. హైదరాబాదులో ఉన్న అబ్బాయేమో తోట అమ్మేయమంటున్నాడు. అమ్మాయి తణుకులో ఉంటుంది. పద్దు రాయడం తప్పా? తోట అమ్మాలా?

జవాబు: అయ్యా, పద్దు రాయడం తప్పు కాదు. మీ ఉత్తరంలో అప్పు మాట ఎక్కడా లేదు. ఏడాది పైగా డయాలసిస్ జరుగుతున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు, ఆ పుస్తకం వల్లే అది సాధ్యమైంది.

చిక్కంతా ఆ రెండో పేజీతోనే వచ్చింది. కొట్లో ఒక మనిషి పేరు మీద విడిగా పేజీ తెరిచేది ఎప్పుడు? ఆ మనిషి బాకీ ఉన్నప్పుడు. మీరు చేతి అలవాటుతో పైన పేరు రాసి, కింద కూడిక వేసి, గీత కొట్టారు. ఆవిడ గుమాస్తా గారి భార్య. ఖాతా అంటే ఏమిటో ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆ కూడిక చూసినరోజే తను ఈ ఇంటికి బాకీ పడ్డానని అనుకుంది, ఆ బాకీ తగ్గించడానికి తన మాత్రల్లోనే కోత పెట్టుకుంది. మీరు పొదుపు చేస్తున్నారు, ఆవిడా పొదుపే చేస్తోంది. కాకపోతే మీరు కొత్త పంచె మానుకుంటే ఆవిడ మందు మానుకుంది.

కాబట్టి ముందు ఆ పేజీ ఆపేయండి. చించి పారేయక్కర్లేదు, దానికో పెద్ద సీను కూడా వద్దు. రేపట్నుంచి ఇంటికంతా ఒకటే పద్దు. బియ్యం, గ్యాసు, ఆవిడ ఇంజక్షను, మీ చెప్పులు, కరెంటు బిల్లు, అన్నీ వరసలో పడిపోవాలి. పెన్షన్ ఆవిడ పేరు మీద వస్తోంది కదా, ఒకటో తారీఖున ఆ డబ్బు ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి. ఇన్నేళ్లూ మీ జీతం ఎవరి చేతికి ఇచ్చేవారో మీరు రాయలేదు. మన కోనసీమ ఇళ్లలో చాలావరకు అది ఇల్లాలి చేతికే వెళ్తుంది. మీ ఇంట్లోనూ అంతే అయితే, జబ్బు వచ్చాక ఆవిడకి వంటిల్లు పోయింది, డబ్బు పెత్తనం పోయింది, మిగిలింది ఖర్చు పేజీలో పేరు ఒక్కటే. ఆ పెత్తనం తిరిగి ఇచ్చేయండి. ఏ కూర తేవాలి, ఎంతకి తేవాలి అని ఆవిడనే అడగండి. డయాలసిస్ మిషను మీద నాలుగు గంటలు పడుకునే ఉంటారు కదా. సూదులు గుచ్చే ఫిస్టులా ఎడమ చేతికి ఉంటే కుడి చేయి ఖాళీయే. ఆ టైములో పుస్తకం ఆవిడకిచ్చి మీరు చదివి చెప్తే ఆవిడే రాసుకుంటుంది. ఒక్క షరతు ముందే పెట్టుకోండి. మందులు, టెస్టులు, రానుపోను ఖర్చు మొదటే తీసి పక్కన పెట్టాలి. మిగిలినదాంట్లోనే పొదుపు. ఈ మాట లేకుండా పుస్తకం ఇస్తే ఆవిడ మళ్లీ తన దగ్గరే కోత మొదలుపెడుతుంది.

ఇక మాత్రల సంగతి. అన్నంతో వేసుకునేవంటే బహుశా తిండిలోని ఫాస్ఫరస్‌ని ఒంటికి పట్టకుండా ఆపే మాత్రలు అయి ఉంటాయి. అవి మానేస్తే ఆ రోజుకి ఏమీ తెలియదు. పోనుపోను ఒళ్లంతా దురద, ఎముకల నొప్పులు, ఎముకల బలహీనత. ఇంకో తంటా కూడా ఉంది. మానేసిన సంగతి డాక్టరుకి తెలియకపోతే రక్తపరీక్షలో ఫాస్ఫరస్ ఎక్కువ కనపడుతుంది, ఆయన డోసు పెంచుతాడు, మీ మందుల బిల్లు పెరుగుతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు, ఇలాంటివి వాళ్లు రోజూ వింటారు. అదే నోటితో, ఇవే మందులు జనరిక్‌లో రాయమని అడగండి. జన ఔషధి షాపుల్లో చాలా మందులు బ్రాండు రేటులో సగానికంటే తక్కువకే దొరుకుతాయి. షాపువాడిచ్చిన మార్పు కాకుండా డాక్టరు ఒప్పుకున్న మార్పే చేయండి.

డయాలసిస్ మూడుని రెండు చేయడం మాత్రం డబ్బు లెక్కతో తేల్చే విషయం కానే కాదు. మధ్యలో ఎక్కువ రోజులు గడిస్తే ఒంట్లో నీరు పేరుకుని ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు కూడా. ఆ మాట ఆవిడతో మీరు చెప్తే భర్త బతిమాలినట్టు ఉంటుంది. డయాలసిస్ టెక్నీషియను చేత చెప్పించండి.

"నేనుండి ఎవరికి లాభం" అన్న మాటని ఊరికే వదిలేయకండి, "అలాంటి మాటలు మాట్లాడకు" అని నోరు కూడా మూయించకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి: చచ్చిపోవాలని అనిపిస్తోందా, ఏమైనా చేసుకోవాలని ఉందా? అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఆ రోజే డాక్టరుకి చెప్పండి, ఒంటరిగా వదలకండి, ఇన్సులిన్ వాడుతుంటే అదీ, మాత్రల నిల్వా మీ దగ్గరే పెట్టుకోండి. కాదన్నా సరే, డయాలసిస్ వాళ్లలో డిప్రెషన్ చాలా మామూలు, దానికి వైద్యం ఉంది. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416. డబ్బు ఖర్చు కాదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఆవిడే కాదు, మీరూ చేయొచ్చు.

భోజనం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మీరు మంచి మనసుతో చేస్తున్న పథ్యమే ఆవిడని నీరసపెడుతోంది. డయాలసిస్ మొదలవకముందు డాక్టర్లు మాంసకృత్తులు తగ్గించమంటారు. మీకు ఆ మాట గుర్తుండిపోయినట్టుంది. మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. మిషను చెడుతో పాటు మంచినీ కొంత లాగేస్తుంది కాబట్టి మామూలు మనిషి కంటే ఎక్కువే తినాలి. 50 కిలోల మనిషికి రోజుకి 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్ అవసరం. చారన్నం, మజ్జిగన్నంతో అందులో సగం కూడా రాదు. పైగా ఆ రెండూ నీళ్లే. రోజుకి ఇన్ని నీళ్లే తాగాలని లెక్క చెప్పి ఉంటారు. మామూలుగా ముందురోజు వచ్చిన మూత్రానికి అరలీటరు కలుపుతారు. ఆ లెక్కలోకి చారు, మజ్జిగ, టీ, మందుతో తాగే నీళ్లు అన్నీ వస్తాయి.

గుడ్డు తిరిగి మొదలుపెట్టండి. తెల్లసొన రోజుకి రెండు మూడు ఇవ్వమంటారు, ఎన్నో మీ డాక్టరునే అడగండి. మంచి ప్రొటీన్ చవగ్గా ఇచ్చేవాటిలో ఇదొకటి, పచ్చసొన మీరు తినండి. వారానికి రెండుసార్లు శీలావతో బొచ్చో ఓ చేప ముక్క చాలు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మనది కాబట్టి చెప్తున్నాను, చెరువు చేపలోనూ బలం అంతే ఉంటుంది. పులుసులో చింతపండు, ఉప్పు తగ్గించి ఇగురు చేయండి. ఎండుచేప, ఆవకాయ, అప్పడం వద్దు. ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది, నీళ్ల బాధ సగం పోతుంది. ఉప్పుకి బదులని షాపుల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పు అసలు ముట్టుకోకండి, అందులో పొటాషియం ఉంటుంది. కూరగాయలు చెక్కు తీసి చిన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. గ్యాసు కొంచెం ఎక్కువ అవుతుంది, ఫర్వాలేదు.

బోండాలు, అరటిపళ్లు ఈ రోజే ఆపేయాలి. కొబ్బరి తోటల మధ్య కూర్చుని కొబ్బరినీళ్లు వద్దనడం అన్యాయంలా ఉంటుంది గానీ, రెండింట్లోనూ పొటాషియం బాగా ఎక్కువ. మిగతావాళ్లకి బలమిచ్చేదే ఆవిడ గుండెకి ముప్పు తెస్తుంది. రావులపాలెం నుంచి గెల మోసుకొచ్చిన చుట్టాన్ని నొప్పించకుండా తీసుకోండి, వెళ్లాక పక్కింటి పిల్లలకి పంచేయండి. అడిగేవాళ్లుంటే ఓ యాపిల్ పండు తెమ్మనండి. అది కూడా ఒక పూటకి సగమే. షుగరు ఉంది కాబట్టి ఇంకో జాగ్రత్త: కిడ్నీలు పాడయ్యాక షుగరు మందు ఒంట్లో ఎక్కువసేపు పనిచేస్తుంది, పూట తప్పితే షుగరు పడిపోతుంది. డయాలసిస్ రోజున తిని బయలుదేరాలా, మందు తగ్గించాలా అన్నది అడిగి రాసుకోండి.

డబ్బు విషయంలో మీకు నేను కొత్తగా చెప్పేది తక్కువ. ఒకటి మాత్రం చెప్తాను. తోట డబ్బు దింపు తీసినప్పుడే, అంటే కాయలు కోయించినప్పుడే గంపగుత్తగా వస్తుంది, ఖర్చేమో వారం వారం ఉంటుంది. దింపు డబ్బు రాగానే మళ్లీ దింపు దాకా ఎన్ని వారాలో లెక్కపెట్టి అన్ని భాగాలు చేసి పెట్టండి. ఇక ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. వెళ్లేటప్పుడు బస్సులో వెళ్లండి, మీ ఒక్కరికే టికెట్. వచ్చేటప్పుడు మాత్రం ఆటో మాట్లాడండి. నాలుగు గంటల డయాలసిస్ తర్వాత బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, అప్పుడు బస్టాండులో నిలబెట్టి ఆదా చేసిన డబ్బుకి అర్థం లేదు.

మీ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు మీరు. 61 ఏళ్ల మనిషి బీపీ చూపించుకుని ఎన్నాళ్లయింది? అమ్మాయిని నెలకి రెండుసార్లు వచ్చి ఆ పూట డయాలసిస్‌కి తీసుకెళ్లమనండి. కూతురు ఇల్లు వదిలి ఎలా వస్తుందని మీరే ముందు అనుకుని అడగకుండా ఉండకండి. అబ్బాయిని నెలకి ఇంత అని, ఫలానా తేదీలోపు అని పంపమనండి. ఎంత పంపినా సరే, ఎప్పుడొస్తుందో తెలియాలి. తోట అమ్మమని ఫోన్‌లో చెప్పడం తేలిక. నెలనెలా పంపడం కష్టం. ఆ రెండో పని చేయమనండి.

తోట ఇప్పుడు అమ్మకండి. మీకు తక్కువ పడుతోంది నెల ఖర్చుకి. దానికోసం దింపులిచ్చే చెట్లు అమ్మితే ఆ డబ్బు కరిగిపోయిన రోజున రెండూ ఉండవు. అత్యవసరమైతే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి వెళ్లకండి, అది ఏడాదికి 24 రూపాయలు. బ్యాంకులో బంగారం మీద లోను అంతకంటే చాలా తక్కువకే వస్తుంది, బంగారం ఆవిడది కాబట్టి ఆవిడ ఒప్పుకుంటేనే. ఒకవేళ అబ్బాయి కిడ్నీ మార్పిడి మనసులో పెట్టుకుని అమ్మమంటున్నాడేమో అడగండి. అలా అయితే ఆవిడ ఒళ్లు ఆపరేషనుకి తట్టుకుంటుందా, ఇచ్చేవాళ్లెవరు, ప్రభుత్వ వైద్య సేవ పథకంలో ఎంత వరకు వస్తుంది, ఇవన్నీ కిడ్నీ డాక్టరుతో తేలాకే డబ్బు మాట. ఆ మాట కూడా మీరిద్దరూ ఫోన్‌లో గుసగుసగా అనుకోకుండా, ఆవిడ మంచం దగ్గర కూర్చుని స్పీకర్ ఆన్ చేసి మాట్లాడుకోండి.