ఓడలెక్కే బండ్లు, బండ్లెక్కే ఓడలు

సందేహం: మా కాలనీలోని విశ్రాంత నౌకాదళ అధికారికి సన్మానం చేస్తూ, పత్రంలో ‘బహుళజాతి ఉభయచర విన్యాసాలలో పాల్గొన్న నావికుడు’ అని రాశాం. అది చదివి ఆయన మనవరాలు ‘తాతయ్యేమైనా కప్పా?’ అని అడిగింది. ఆ ప్రయోగం సరైనదేనా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి, హైదరాబాద్

సమాధానం: ఆ పిల్లది మంచి చెవి. నీటా నేలా చరించేది ఉభయచరం. అది కప్ప కావచ్చు, ఈదుకుంటూ వచ్చి ఒడ్డెక్కే యుద్ధవాహనమూ కావచ్చు. విన్యాసం చరించదు, జరుగుతుంది. ‘యాంఫీబియస్’ లాంటి ఇంగ్లీషు మాటకు ఎదురుగా తెలుగు మాట పెట్టేసి, అది దేనికి అతుకుతుందో చూడకపోవడం ఈనాటి రాతల్లో బాగా ముదిరింది.

ఈ నీటి పనీ నేల పనీ మనవాళ్లు ఏనాడో ఒకే పద్యంలో చూపారు. సుమతీ శతకంలో ‘ఓడల బండ్లును వచ్చును, ఓడలు నా బండ్లమీద నొప్పుగ వచ్చున్’ అని ఉంది. ఓడల మీద బండ్లు వస్తాయి, ఆ బండ్ల మీదే ఓడలూ వస్తాయి. కలిమిలేములూ అంతే అంటాడు కవి. ‘నా బండ్ల’లో ఉన్నది ‘నాది’ కాదు, ద్రుతం (చివరి ‘న్’) మీద ‘ఆ’ వచ్చి చేరింది. దీన్ని ‘ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి’ అని మార్చుకున్నాం. ఓడ ఎన్నడైనా బండి అయిందా? ఒకదాన్ని మోసినది రేపు దాని మీదే ఎక్కుతుందనడంలో ఉన్న అందమంతా ఆ ‘అవుతాయి’ మింగేసింది. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలప్పుడు చూడండి, పడవలు బండ్ల మీదే ఒడ్డుకు చేరతాయి.

2019 నవంబరులో భారత, అమెరికా దళాలు విశాఖ, కాకినాడల దగ్గర చేసిన ‘టైగర్ ట్రయంఫ్’ విన్యాసాల్లో జరిగిందీ ఈ పద్యార్థమే. అందులో పాల్గొన్న మన నౌకాదళ ఓడ ‘జలాశ్వ’ వెనుక భాగంలో ఒక పెద్ద గది ఉంటుంది. ఓడను కాస్త ముంచి, తలుపు తెరిచి సముద్రాన్ని లోపలికి రానిస్తే, గదిలోని చిన్న పడవలు తేలి బయటికొస్తాయి. ఓడలో పడవ, పడవలో బండి! పడవ ఒడ్డుకు ఆని ముందు తలుపు వాల్చగానే బండ్లు ఇసుకలోకి దిగుతాయి. జలాశ్వ మాత్రం నీటిలోనే ఉంటుంది. కనుక దాన్ని ఉభయచరం అనడానికి కూడా నా మనసు ఒప్పదు.

అయినా ‘ఉభయచర విన్యాసాలు’ పత్రికల్లో నాటుకుంది. రూఢి ముందు వ్యాకరణం కొంత తగ్గాలి గనుక తప్పని కొట్టెయ్యను. ‘తీరావతరణ’ అనవచ్చు గాని, అదీ బరువే.

‘బహుళజాతి’ని కంపెనీలకు వదిలేయండి, ‘పలు దేశాల’ చాలు. నౌకాదళంలో అధికారి వేరు, నావికుడు వేరు. ఆయన హోదాను తగ్గించకండి.

పత్రం మళ్లీ అచ్చువేసే వీలుంటే ఇలా రాయండి: ‘పలు దేశాల దళాలతో కలిసి, ఓడ నుంచి ఒడ్డుకు సైన్యాన్ని దించే విన్యాసాలలో పాల్గొన్న నౌకాదళ అధికారి.’ మనవరాలికి ముందుగా చదివి వినిపించండి.