కార్డు కాపీ మూడు నిమిషాలకే ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: సార్, నా లినక్స్ కంప్యూటర్‌కు యూఎస్‌బీ కార్డ్ రీడర్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. మెమరీ కార్డ్ పెట్టగానే దాని ఇమేజ్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ అవ్వాలని, పరికరాలను గుర్తుపట్టే యూడెవ్‌లో రూల్ రాసి, రన్ దగ్గర స్క్రిప్ట్ పేరు ఇచ్చాను. చిన్న కార్డులకు బాగానే పనిచేస్తోంది. పెద్ద కార్డయితే మూడు నిమిషాలకు ఆగిపోతోంది. స్క్రిప్ట్ వెనకాల నడిచేలా చివర & పెట్టి చూస్తే ఇంకా ముందే పోతోంది. కాపీ అయినవాటిని ఇంకో సర్వర్‌కు పంపే లైను అసలు పనిచేయదు. ఒక్కో పరికరం పనికి యూడెవ్ ఇచ్చే గడువును, అంటే ఈవెంట్ టైమౌట్‌ను, గంటకు పెంచమంటున్నారు. పెంచమంటారా?

జవాబు: వద్దు, పెంచకండి. ఆ సెట్టింగ్ /ఈటీసీ/యూడెవ్/యూడెవ్.కాన్ఫ్ ఫైల్లో ఉంటుంది, మామూలుగా 180 సెకన్లు. మీ మూడు నిమిషాల లెక్క అదే. కానీ అది ఒక్క మీ రూల్‌కే కాదు, కంప్యూటర్‌లోని అన్ని పరికరాలకూ వర్తిస్తుంది. రేపు వేరే పరికరానికి సంబంధించిన ప్రోగ్రాం ఏదైనా ఇరుక్కుపోతే దాన్నీ గంటసేపు భరించాలి.

అసలు యూడెవ్ ఏం చేస్తుందో చూడండి. పరికరం కనిపించగానే కెర్నల్, ప్రోగ్రాములతో మాట్లాడే నెట్‌లింక్ దారి మీదుగా, ఒక ఈవెంట్ (కబురు) పంపుతుంది. వెనకాల నడుస్తున్న యూడెవ్‌డీ దాన్ని అందుకుని, రూల్స్ వరసగా చదివి, పర్మిషన్లు, సిమ్‌లింకులు (పరికరానికి మారుపేర్లు) పెడుతుంది. తర్వాత రన్‌లో రాసినవి నడిపిస్తుంది. అవి కూడా ముగిశాకే 'ఈ పరికరం సిద్ధం' అని మిగతా ప్రోగ్రాములకు చెబుతుంది. అంటే మీ కాపీ నడుస్తున్నంతసేపూ ఆ ఈవెంట్ తెరిచే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే ఒక టెర్మినల్లో యూడెవ్‌అడ్మ్ మానిటర్ నడిపి, చిన్న కార్డు పెట్టి చూడండి. కెర్నల్ లైను వెంటనే వస్తుంది, యూడెవ్ లైను మాత్రం మీ స్క్రిప్ట్ అయిపోయాకే వస్తుంది.

& పెట్టినా లాభం లేకపోవడానికి కారణం, ఈవెంట్ ముగియగానే దాని వెనక మిగిలిపోయిన ప్రాసెస్‌లను కూడా చంపేస్తారు. పంపే లైను సంగతి వేరు: లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీతో వచ్చే యూడెవ్ సర్వీసుకు నెట్‌వర్క్‌ను కావాలనే మూసేసి ఉంచారు. మౌంట్ చేయబోయినా ఇదే గతి. ఆ అడ్డును తీసేసే చిట్కాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. రూట్ హక్కులతో నడుస్తూ, తగిలించిన ప్రతి పరికరానికీ స్పందించే ప్రోగ్రాం అది. దానికి బయటి దారి మూసి ఉండటమే మనకు క్షేమం.

యూడెవ్ పని పరికరాన్ని గుర్తుపట్టడం వరకే. కాపీ పనిని సిస్టమ్‌డీకి అప్పగించండి. /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్ ఫోల్డర్లో కార్డ్‌కాపీ@.సర్వీస్ అని ఒక టెంప్లేట్ యూనిట్ (ఏ పరికరం పేరుతోనైనా నడిపించగల సర్వీసు ఫైల్) రాయండి. టైప్ వన్‌షాట్ (ఒకసారి నడిచి ముగిసేది) అనండి, ఎగ్జెక్‌స్టార్ట్‌లో మీ స్క్రిప్ట్ పెట్టండి. వన్‌షాట్ సర్వీసుకు ప్రత్యేకంగా చెబితే తప్ప స్టార్ట్ టైమౌట్ ఉండదు కాబట్టి గంటలు పట్టినా ఎవరూ ఆపరు. సర్వీసును ఆ పరికరం యూనిట్‌కు ముడివేసే బైండ్స్‌టు కూడా పెడితే, మధ్యలో కార్డు లాగేసినప్పుడు సర్వీసు దానంతటదే ఆగుతుంది. ఇక రూల్లో రన్ తీసేసి, ట్యాగ్‌కు += తో సిస్టమ్‌డీ అని, ఎన్విరాన్‌మెంట్‌లోని సిస్టమ్‌డీ_వాంట్స్‌కు ఈ సర్వీస్ పేరు చేర్చండి. @ తర్వాత పరికరం కెర్నల్ పేరు పెట్టాలి. రూల్లో దానికి గుర్తు % పక్కన చిన్న కే అక్షరం.

మీ విషయంలో జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. రీడర్ ఎప్పుడూ తగిలించే ఉంటుందన్నారు. అలాంటప్పుడు కార్డు పెడితే మొత్తం డిస్క్‌కు వచ్చేది 'యాడ్' ఈవెంట్ కాదు, 'ఛేంజ్'. సిస్టమ్‌డీ వాంట్స్‌ను పట్టించుకునేది పరికరం కొత్తగా యాక్టివ్ అయినప్పుడే. అప్పటికే యాక్టివ్‌గా ఉన్న డిస్క్ మీద రాస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. అందుకే రూల్‌ను డిస్క్ మీద కాకుండా పార్టిషన్ (కార్డు లోపలి భాగం) మీద పెట్టండి. కార్డుతో పాటు పార్టిషన్ కొత్తగా పుడుతుంది కనుక దానికి 'యాడ్' వస్తుంది. అప్పుడు కాపీ అయ్యేది కూడా ఆ పార్టిషన్ ఇమేజే అని గుర్తుంచుకోండి.

మార్పులయ్యాక యూడెవ్‌అడ్మ్ కంట్రోల్ రీలోడ్, సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ రెండూ ఇవ్వండి. ఇకమీదట లాగ్ కూడా మీ సర్వీసు పేరుతోనే జర్నల్‌లో విడిగా దొరుకుతుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా నేను ఎవరికైనా ఈ పద్ధతే చెబుతాను.

ప్రశ్న: ఒకే రకం యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్లు రెండున్నాయి. రీస్టార్ట్ చేసినప్పుడల్లా వాటి పేర్లు టీటీవై యూఎస్‌బీ 0, 1 తారుమారై టెన్షన్ పెడుతున్నాయి. పేర్లు ఖాయం చేసేదెలా?

జవాబు: ఆ అంకెలు కనిపించిన వరసలో వస్తాయి, వాటిని నమ్ముకోకూడదు. కెర్నల్ పెట్టిన పేరు మార్చబోకండి, సిమ్‌లింక్‌కు += తో మీకు నచ్చిన పేరు చేర్చి ప్రోగ్రాంలో అదే వాడండి. అడాప్టర్‌కు సీరియల్ నంబరుంటే దానితో గుర్తుపట్టవచ్చు. చవక సీహెచ్340 చిప్‌లకు చాలావాటికి అది ఉండదు, రెండూ తమ వెండర్, ప్రొడక్ట్ నంబర్లు 1ఏ86:7523 అనే చెప్పుకుంటాయి. అప్పుడు ఏ పోర్టుకు తగిలించారన్నదే గుర్తు. రూల్ రాయకపోయినా /డెవ్/సీరియల్/బై-పాత్‌లో పోర్టును బట్టి పేర్లు సిద్ధంగా ఉంటాయి, ముందు అవి సరిపోతాయేమో చూడండి. రూలే రాస్తానంటే ఒక నియమం: యూడెవ్‌అడ్మ్ ఇన్ఫో చూపించే పేరెంట్ల (ఆ పరికరం ఏ పరికరాల కింద ఉందో వాటి) జాబితాలో, పరికరం సొంత లక్షణాలతో పాటు ఒక్క పేరెంట్ లక్షణాలే కలపాలి. ఇద్దరు పేరెంట్ల నుంచి తలా ఒకటి తీసుకుంటే రూల్ ఎప్పటికీ కలవదు. వెండర్ నంబర్లలోని అక్షరాలు చిన్నవే రాయండి.

ప్రశ్న: /యూఎస్ఆర్/లిబ్ కింద ఉన్న రూల్ ఫైల్ మారిస్తే అప్‌డేట్‌లో పోయింది. ఎలా కాపాడుకోవాలి?

జవాబు: అదే పేరుతో /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి లో కాపీ పెట్టి, దాన్ని మార్చుకోండి. పేరు ఒకటైతే ఈటీసీలోదే చెల్లుతుంది. ఆ రూల్ మొత్తం వద్దనుకుంటే అదే పేరుతో /డెవ్/నల్‌కు ఒక సిమ్‌లింక్ పెట్టండి.